మడుగు దగ్గరి నల్ల గిరక

బందరులో నా ఉప్పు ఆఫీసు ఉద్యోగం తెలిసినవాళ్లకు నా రెండో పిచ్చి కూడా తెలుసు. సెలవు పూటల్లో సముద్రపు మొగ దగ్గర నిలబడి, మెరిసే రేకు ముక్కను నీళ్లలోకి విసిరి, అది చిన్న చేపలా ఈదేటట్టు దారం చుట్టుకుంటూ పండుగప్పలను మోసం చేస్తుంటాను. ఎర అక్కర్లేని వేట ఇది. కావలసిందల్లా మంచి గిరక. దుకాణాల్లో రీలు అంటారు. మా హుస్నాబాద్‌లో బావి మీద తాడు తిరిగేదాన్ని గిరక అంటాం కనుక నాకదే నోటికి వస్తుంది.

ఉప్పునీటికి గిరక ఎంచడం తేలిక కాదు. దుకాణంలో అన్నీ నున్నగానే తిరుగుతాయి. ఆరు నెలలు ఉప్పుగాలి తగిలాక గాని దేని గుణమేమిటో బయటపడదు. నాది కిందటి వానాకాలంలో, పెద్ద పండుగప్ప నోట్లో రేకు ఉండగానే బిగుసుకుపోయింది. చేప పోయింది, దారం పోయింది, చూస్తున్నవాళ్ల ముందు పరువూ పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా వైపు గోదావరి అవతల రెండు సీమ గిరకలు అమ్మకానికి ఉన్నాయని కబురొచ్చింది. పుష్యమాసంలో సెలవు పెట్టి బయల్దేరాను.

ఆ ప్రయాణం గురించి అటువైపు చూడని బందరు మిత్రుల కోసం రాస్తున్నాను. మడుగున్న ఊరి పేరు మాత్రం రాయను. రాయనని అక్కడివాళ్లకు మాటిచ్చాను.

కరీంనగర్

కబురు పంపినవాడు మహబూబ్ భాయ్. గడియారాలు బాగుచేస్తాడు, చిన్ననాటి స్నేహితుడు. చేపల వాసనంటే ఆయనకు పడదు గాని, పళ్ల చక్రాలున్న వస్తువు ఏదైనా సరే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, పాలు మరిగి మరిగి గోధుమరంగుకు వచ్చిన చాయ్ తెప్పించాడు. మా బందరు హోటలు కాఫీ ఖరీదులో సగం పెడితే ఇక్కడ రెండు చాయ్‌లు వస్తాయి.

సంగతేమిటంటే, బొగ్గు గనుల్లో పనిచేసిన ఒక దొర ఆసిఫాబాద్ అడవుల్లోనూ ప్రాణహిత ఒడ్డునా వేటకు తిరిగేవాడు. దేశం విడిచిపోతూ తన పడవ నడిపిన సాయిలు అనే బెస్తాయనకు రెండు గిరకలు ఇచ్చాడు. ఒకటి వెండిలా తళతళలాడేది, తేలిక. రెండోది నల్లది, బరువు. సాయిలు నల్లదాన్ని ఒకసారి శుభ్రం చేయించడానికి భాయ్ దగ్గరికి తెచ్చాడు. లోపల అన్నీ ఇత్తడి పళ్లేనని, అంత నికార్సైన పని తాను చేతి గడియారాల్లో కూడా తక్కువ చూశానని భాయ్ చెప్పాడు. నాకు నోరూరింది. తళతళలాడే లోహాన్ని ఉప్పు రంగు కింద నుంచి తినేస్తుంది. ఇత్తడి పచ్చబడుతుంది గాని చావదు.

ఎలా ఎంచాలో కూడా భాయ్ తన పద్ధతి చెప్పాడు. "చెవి కాడ పెట్టుకుని మెల్లగ తిప్పు. మంచిదైతే ఏం చెప్పది. చెడ్డదైతే ముచ్చట పెడతది." లేచేటప్పుడు ఇంకో మాట అన్నాడు. సాయిలు నాలుగేళ్ల కింద నీళ్లలో పోయాడట, ఇంట్లోవాళ్లతో జర చూసి మాట్లాడమని.

మంథని రేవు

మంథనికి బస్సులో వచ్చేసరికి ఒళ్లంతా ఎర్రదుమ్ము. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లోని గంపలో కోడిపుంజు పెద్దపల్లి దాటినప్పటి నుంచీ నా ధోవతి అంచును తన ఆస్తిగా భావించింది. దిగేసరికి అంచు చిల్లులు. ఒక పూటకూళ్ల ఇంట్లో వేడి సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకే ఒత్తి కాల్చేది. బందరులో దీనిపేరు చెబితే ఏదో మందు అనుకున్నారు.

రేవులో నావ దొరికింది. నీళ్లు తగ్గి ఇసుకతిన్నెలు తేలిన కాలం. నావ నడిపేవాడు మాటకారి, నా ఉప్పు ఉద్యోగం మీద హాస్యాలాడాడు. సముద్రం నిండా ఉన్నదానికి మళ్లీ ఆఫీసెందుకు అన్నాడు. ఏ ఊరికి అని అడిగితే ఊరిపేరు, సాయిలు పేరు, గిరకల సంగతి చెప్పాను. గడ వేయడం ఆపేశాడు. నావ కాసేపు అలాగే కొట్టుకుపోయింది.

"చుట్టెటోనివి నువ్వేనా?" అన్నాడు.

ఏం చుట్టాలి అని అడిగాను. గడ అందుకుని నావను వడివడిగా అవతలి ఒడ్డుకు తోశాడు. నావ కూలి ఇస్తే తీసుకోలేదు. నేనేదో పుణ్యకార్యానికి వెళ్తున్నట్టు చేతులు జోడించాడు. అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

వెండి గిరక

చెన్నూరు దాటి బండి బాటలో నడిచి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. పాతిక గడపలుంటాయి. సాయిలు తండ్రి మల్లయ్య ఇంటి ముందు నులకమంచం వేశాడు. పలచటి మనిషి, డెబ్బై దగ్గర. నేనెందుకొచ్చానో చెప్పకముందే ఆయనకు తెలుసు. మంథని నావ కబురు నాకంటే ముందు వచ్చినట్టుంది.

వెండి గిరకను గుడ్డలో చుట్టి తెచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. వెన్నలా తిరిగింది, చిన్న గొణుగుడు మాత్రం ఉంది. రంగు ఒకచోట బుడగలా పొంగింది. ఉప్పు తగలకముందే ఈ గతి. చెరువు చేపలకైతే చాలు, సముద్రానికి పనికిరాదనుకున్నాను. నల్లది చూపించమన్నాను.

"అది ఇంట్ల లేదు. మడుగు కాడ ఉన్నది," అన్నాడు మల్లయ్య.

అప్పుడు మొత్తం చెప్పాడు. నీళ్లడుగున చెట్టు మొద్దుకో రాతికో వల చిక్కితే, ఒకరు నడుముకు జనుపతాడు కట్టుకుని మునుగుతారు. రెండో కొస ఇంటివాళ్లెవరైనా పట్టుకుంటారు. మునిగినవాడు మూడుసార్లు గుంజితే పైవాళ్లు లాగాలి. గుంజేదాకా లాగకూడదు, కొస వదలకూడదు. తాతల నాటి కట్టుబాటు ఇది. ఆ రోజు వల చిక్కింది. సాయిలు జనుపతాడు పక్కన పడేసి, దొర గిరకలోని నైలాన్ దారం నడుముకు కట్టుకున్నాడు. దానిముందు మీ తాళ్లెంత అని నవ్వాడట. గిరకను ఒడ్డున పాతిన గుంజకు కట్టి, పిడి పెళ్లాం చేతికిచ్చి దూకాడు. మళ్లీ పైకి రాలేదు. నలుగురూ మునిగి వెతికినా దొరకలేదు. గుంజాడా అని అడిగితే కోడలు లచ్చక్క లేదంది.

దారం ఇప్పటికీ మడుగులోనే ఉంది. మునిగినవాడు గుంజకుండా అయినవాళ్లు చుట్టకూడదు. ఊళ్లోవాళ్లు ముట్టుకోరు. పరాయివాడే వచ్చి చుట్టాలి, చుట్టినవాడు గిరక తీసుకుపోవచ్చు. దారం బయటికి వచ్చేదాకా సాయిలుకు కర్మకాండ లేదు. తాడు పట్టి మనిషిని పోగొట్టిన లచ్చక్క చేతికి ఇంకెవరూ తాడివ్వరు, నావ ఎక్కనివ్వరు, పనికి పిలవరు. తాడే బతుకైన ఊళ్లో అది వెలి కింద లెక్క. మడుగు ఒడ్డున గుడిసె వేసుకుని ఒక్కతే ఉంటోంది. ఎప్పుడో చెన్నూరు షావుకారొకడు గిరక కోసం మడుగు దాకా వచ్చి, చెప్పులు అక్కడే వదిలి పరుగెత్తాడట.

నాకు భయం వేసింది. ఆశ కూడా పోలేదు. ఆశే పెద్దదని ఇప్పుడు ఒప్పుకుంటాను. మసక వెలుతురులో మడుగు పైని బండల మీద నుంచే గిరకను చూసి వచ్చి, సరుకు నికార్సైనదని, పొద్దున చుట్టి తీసుకుపోతానని మల్లయ్యతో చెప్పాను. ఆ పూట జొన్నరొట్టె, చింతపులుసు పోసిన వాలుగ చేప పెట్టారు. మా బందరు కూరల్లో సగం కారమే నాకు ఎక్కువ. ఇక్కడ కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిన్నాను, మర్యాద కోసం బాగుందన్నాను.

మడుగు

మర్నాడు పొగమంచు విడిచేసరికి బారెడు పొద్దెక్కింది. ఊళ్లోవాళ్లు నల్లబండల ఇవతలే ఆగిపోయారు. దారం నీళ్లలో ఉన్నంతకాలం కొస పట్టినవాళ్లు, చుట్టేవాళ్లు తప్ప మిగతావాళ్లు దగ్గరికి రాకూడదట. బండలు దాటి ఒక్కణ్ణే దిగాను.

ఏరంతా గలగలా పారుతుంటే ఈ మూల మాత్రం కదలికే లేదు. నీళ్లు నల్లగా, నిండుగా ఉన్నాయి. ఒక్క కొంగ కూడా లేదు. ఒడ్డున గుంజకు నల్ల గిరక, దాని మీద తాటాకుల చిన్న చూరు. దానికి ఎక్కడా తుప్పు లేదు. రోజూ ఎవరో ఆముదం రాస్తున్నారు. దారం గిరక నుంచి సన్నగా సాగి నీళ్లలోకి దిగిపోయింది. నాలుగు వరదలకు తెగకుండా ఎలా నిలిచిందో నాకిప్పటికీ అర్థం కాదు.

దగ్గరికి వెళ్తుండగా గిరక టిక్కుమంది. కాసేపాగి మళ్లీ టిక్కు. ముట్టుకున్నవాళ్లు లేరు, గాలి లేదు. షావుకారు చెప్పులు వదిలింది ఇక్కడేనని తెలిసిపోయింది.

"గట్ల అంటనే ఉంటది సారూ," అంది లచ్చక్క. గుడిసె పక్కన నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. మట్టెలు, పసుపు, గాజులు అన్నీ ఉన్నాయి. వచ్చి గుంజ పక్కన కూర్చుని, దారం కింద చూపుడువేలు ఆనించింది. కొస పట్టినవాళ్లు అలాగే ఆనించాలట.

నేను పిడి పట్టి తిప్పాను. క్రర్రుమని తిరిగింది. దారం అంగుళం కూడా కదల్లేదు. మళ్లీ తిప్పాను. పిడి తిరుగుతోంది, దారం రావడం లేదు.

"గట్లనే తిరుగుతది," అంది.

నాకు నవ్వొచ్చింది. బందరులో కొత్తవాళ్లకు పాఠం చెప్పే అలవాటు కదా, అదే గొంతుతో మొదలుపెట్టాను. ఇదిగో అక్కా, ముందున్న ఈ మర చూశావా, గిరకను దాచిపెట్టేటప్పుడు దీన్ని వదులు చేస్తాం, లేకపోతే లోపలి తోలుబిళ్లలు అణిగిపోతాయి. వేటకు తీసినప్పుడు మళ్లీ బిగించాలి. మరిచిపోతే పొద్దంతా తిప్పినా పిడే తిరుగుతుంది, దారం రాదు. మడుగులో నీరు మెల్లగా లాగుతుంటే చక్రం జారి టిక్కుమంటోంది, అంతే, దయ్యమూ లేదు భూతమూ లేదు. చెబుతూనే మరను రెండు చుట్లు బిగించాను. పిడి తిప్పాను. దారం నీళ్లు కారుస్తూ మూరెడు వచ్చింది.

ఆమె నా చేతిలోని మర వంక చూస్తోంది.

"గంతేనా సారూ?" అంది.

నేనేం చెప్పానో అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"ఆయన గుంజిండు. మూడుసార్లు గుంజిండు. నేను తిప్పిన. చేతులు పుండ్లయ్యేదాక తిప్పిన. తిరుగుతాంటె వస్తుండనే అనుకున్న."

మరి గుంజలేదని ఎందుకు చెప్పావని అడిగాను. గుంజాడు, నేను తిప్పాను, రాలేదు అంటే ఎవరు నమ్ముతారు, అంది. గంగమ్మ పట్టు ముందు తన చేతుల బలం చాలలేదని నాలుగేళ్లుగా అనుకుంటోందట. నేను అక్కడ లేకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఏదో ఒకటి చేయాలి కనుక చుట్టడం మొదలుపెట్టాను.

పది చుట్లకు దారం బరువెక్కింది. ఆగింది. అప్పుడు గుంజింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

చేప కొడితే చేతికి ఎలా తెలుస్తుందో నాకు తెలుసు. రాయి తగిలితే, నాచు తగిలితే, నీటి వడి మారితే ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఇరవై ఏళ్లుగా నా వేళ్లకు వేరే చదువు లేదు. అది వాటిలో ఏదీ కాదు. నెమ్మదిగా, ఎడం ఇచ్చి, లెక్కపెట్టి గుంజినట్టుంది. పిడి వదిలేసి వెనక్కి పడ్డాను. నా మోచేతులు బండకు గీరుకుపోయాయి.

లచ్చక్క వేలు దారం కిందే ఉంది. మూడు గుంజులూ ఆమెకూ తెలిశాయి. ముందుకు జరిగి పిడి పట్టుకుంది. అయినవాళ్లు చుట్టకూడదన్న కట్టు మునిగినవాడు గుంజనంతవరకే కదా. ఆగకుండా, తొందరపడకుండా చుట్టింది. దారం తేలికైపోయింది. చివరి కొస నీళ్లలోంచి లేచింది. నడుం పట్టేంత ఉచ్చు, ముడి వేసింది వేసినట్టే ఉంది. ఊడలేదు, తెగలేదు. అందులో ఎవరూ లేరు. ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు పట్టుకుంది.

మల్లయ్య అడిగిన మాట

బండల ఇవతల అందరూ లేచి నిలబడ్డారు. లచ్చక్క ఉచ్చును మామ కాళ్ల ముందు పెట్టింది. "గుంజిండు మామా. ఆ దినం మూడుసార్లు గుంజిండు. నేను తిప్పిన గానీ రాలే. అబద్ధం చెప్పిన," అంది. గుంపులో గుసగుస లేచింది. ఒకామె ఛీ అంది.

మల్లయ్య నావైపు తిరిగాడు. "సారూ, నువ్వు గీ యంత్రం ఎరిగినోనివి. తిప్పితె గూడ రాకుంట ఉంటదా?"

మర సంగతి చెప్పొచ్చు. చెబితే, మర బిగించడం మరిచింది సాయిలు. పెళ్లానికి చూపించనిదీ సాయిలే. పోయిన కొడుకు తన పొరపాటుతో తానే పోయాడని ఆ తండ్రికి చెప్పాలి. లేదా వేలెడు మర ఆమె ఎందుకు చూసుకోలేదని జన్మంతా ఊరు అడుగుతుంది. నేను అంత ఆలోచించానో లేదో తెలియదు. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: లోపలి పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి తాతా, ఈ గిరకను పహిల్వాను తిప్పినా దారం రాదు. నిన్న పైపైన చూసి నేనే మోసపోయాను.

ముసలాయన గిరకను తెప్పించాడు. ఇంకొకరి ప్రాణం తీయకూడదని బండ మీద పెట్టి రాయెత్తి కొట్టాడు. నా గుండె మీద కొట్టినట్టే ఉంది. అలాంటి గిరక నాకు మళ్లీ దొరకదు. మూడో దెబ్బకు డొక్క పగిలి, ఇత్తడి చక్రాలు బయటికి దొర్లాయి. ఎండలో బంగారంలా ఉన్నాయి. అరిగిన పన్ను ఒక్కటీ లేదు.

మల్లయ్యకూ కనిపించింది. ఒక చక్రం తీసి, పన్ను పన్నుకూ బొటనవేలు ఆనించి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "చెడ్డదేనంటవా?" అన్నాడు మెల్లగా. చెడ్డదే అన్నాను. చక్రాలన్నీ ఏరి రుమాలులో మూటగట్టాడు.

వెండి గిరక ఖరీదు ఇచ్చి తీసుకున్నాను. తర్వాత బందరు మిత్రులు దాన్ని చూసి నవ్వారు. ఇంత పాఠం చెప్పేవాడివి ఈ తగరం ముక్క ఎంచుకొచ్చావేమిటి అన్నారు. ఆ వేసవి దాటకుండానే దాన్ని ఉప్పు తినేసింది.

పిడికెడు ఇసుక

నేను బయల్దేరాల్సిన పొద్దున ఊరంతా మడుగు దగ్గరే ఉంది. మనిషి దొరకనప్పుడు, మునిగిన చోటి నుంచి అయినవాళ్లు పిడికెడు ఇసుక తెచ్చి, దానికే కర్మ చేస్తారు. దారం నీళ్లలో ఉన్నన్నాళ్లు దానికీ వీల్లేకపోయింది. మునగడానికి మల్లయ్యే సిద్ధమయ్యాడు. ఈ వయసులో వద్దని కొందరన్నారు, వినలేదు. కొస పట్టడానికి ఆయన తమ్ముడి కొడుకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

మల్లయ్య జనుపతాడు నడుముకు కట్టుకుని ముడి సరిచూసుకున్నాడు. రెండో కొస పట్టుకుని, తమ్ముడి కొడుకును దాటి, జనాన్ని దాటి, గుడిసె దగ్గర నిలబడ్డ లచ్చక్క దాకా నడిచాడు. కొస ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చేతుల్లోంచి కొస జారి కింద పడింది. ఆయనే వంగి తీసి మళ్లీ ఇచ్చాడు. తర్వాత నీళ్లలోకి దిగి మునిగాడు.

తాడు మెల్లగా లోపలికి పోయింది, ఆగింది. నేను మనసులో లెక్కపెడుతున్నాను. నలభై దాటాక లెక్క తప్పాను. నీటి మీద బుడగలు కూడా లేవు. ఎవరో లాగమని అరిచారు. ఆమె లాగలేదు. తాడు కింద వేలు ఆనించి, నీళ్లనే చూస్తూ నిలబడింది.

తాడు మూడుసార్లు కదిలింది. లచ్చక్క కాళ్లు బండకు తన్ని లాగింది. తమ్ముడి కొడుకు సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది. తెల్లని తల నీళ్ల మీదికి లేచింది, దాని వెనకే బిగించిన పిడికిలి. ఒడ్డున పడి దగ్గి దగ్గి ఊపిరి తీసుకున్నాక మల్లయ్య ఆమె వైపు చూశాడు.

"మంచిగ గుంజినవ్ బిడ్డా," అన్నాడు.

తాడు చేతిలో పట్టుకునే ఆమె కూలబడి ఏడ్చింది. బండల మీది ఆడవాళ్లు ఒక్కొక్కరుగా దిగి ఆమె దగ్గరికి వెళ్లారు.